రొమ్ముల బరువుతో మెడ, భుజాలు, వీపు నొప్పా? బ్రెస్ట్ రిడక్షన్ సర్జరీ కోసం ఎలా ముందుకెళ్ళాలి

ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషన్ గురించి కాదండి. రొమ్ముల బరువుకి మెడ, భుజాలు, వీపు పొద్దస్తమానం లాగేస్తూ, బ్రా పట్టీలు భుజాల్లోకి దిగి గుంటలు పడిపోయి, రొమ్ముల కింద చర్మం చెమటకి ఒరుసుకుని ఎర్రగా పాసిపోయి, నాలుగడుగులు గట్టిగా నడవాలన్నా ఇబ్బందిగా ఉండి, అయినా ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ళకేళ్ళు ఓర్చుకుంటున్న వాళ్ళ కోసం రాస్తున్నా. డాక్టర్లు దీన్ని మాక్రోమాస్టియా అంటారు, ప్రపంచమంతా వాడే రోగాల కోడ్ పట్టికలో రొమ్ములు అతిగా పెరగడానికి ఎన్ 62 అని ఒక కోడ్ కూడా ఉంది. రొమ్ముల సైజు తగ్గించే ఈ ఆపరేషన్ పేరు రిడక్షన్ మామోప్లాస్టీ, మామూలుగా అందరూ బ్రెస్ట్ రిడక్షన్ అనే అంటారు. అంటే ఇది మీరు ఊహించుకుంటున్న బాధ కాదు, అడగడానికి సిగ్గుపడాల్సిన కోరికా కాదు.

చాలామంది ఆగిపోయేది ఆపరేషన్ దగ్గర కాదు, దానికి చాలా ముందు. పదేళ్ళ నుంచి నొప్పి ఉంటుంది కానీ ఏ డాక్టర్ చీటీలోనూ ఆ మాట ఉండదు. మెడ నొప్పికి మాత్రలు మెడికల్ షాపులోనే కొనేసుకుని ఉంటారు, దద్దుర్లకి ఇంట్లో ఉన్న పౌడరే వేసుకుని ఉంటారు. తీరా ఇన్సూరెన్స్ వాళ్ళో ఆసుపత్రి వాళ్ళో "ఇది ఆరోగ్యం కోసమే అనడానికి రుజువేంటి" అంటే చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఈ దారంతా ఫైలు తయారు చేసుకోవడంతోనే మొదలవుతుంది.

1. మీ బాధని రాసి పెట్టుకోండి

ఇవాళే మొదలెట్టండి, ఫోన్‌లో అయినా పర్లేదు, చిన్న పుస్తకంలో అయినా పర్లేదు. నొప్పి వచ్చిన రోజు తేదీ వేసి ఎక్కడ వచ్చింది, పదికి ఎంత ఉంది, ఏ మాత్ర వేసుకున్నారు, దాని వల్ల ఏ పని ఆగిపోయింది, ఇవి రాస్తే చాలు. ఆ చివరిది మాత్రం అస్సలు వదలొద్దు. ఉత్తినే "మెడ నొప్పి" అని రాస్తే చదివేవాళ్ళకి అది అందరికీ వచ్చేదేగా అనిపిస్తుంది, అదే "పని మధ్యలో రెండుసార్లు నడుం వాల్చాల్సి వచ్చింది, పిల్లని ఎత్తుకోలేకపోయా, మెట్లు దిగేటప్పుడు రొమ్ములు చేత్తో పట్టుకుని దిగా" అని రాస్తే అసలు సంగతి తెలుస్తుంది.

రొమ్ముల బరువుతో సంబంధం ఉంటుందని మనకి తట్టనివి కొన్ని ఉంటాయి, అవి కూడా రాయండి. తల వెనక భాగంలో మొదలయ్యే తలనొప్పి, చిటికెన వేలు ఉంగరం వేలు తిమ్మిరెక్కడం, భుజాలు ముందుకి వంగిపోవడం, ఎటు తిరిగి పడుకున్నా నిద్ర పట్టకపోవడం, వ్యాయామం మానేయడం. బ్రా తీసిన వెంటనే భుజాల మీద గుంటలు ఫోటో తీసుకోండి, దద్దుర్లు వచ్చినప్పుడల్లా అక్కడి ఫోటో కూడా, మొహం పడక్కర్లేదు, తేదీ తెలిస్తే చాలు. ఆ ఫోటోలు మామూలు గ్యాలరీలో ఉంచకుండా లాక్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకోండి, ఆన్‌లైన్ బ్యాకప్‌లోకి వాటంతటవే వెళ్ళిపోతున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి.

2. మామూలు డాక్టర్ దగ్గర మొదలుపెట్టండి

నేరుగా సర్జన్ దగ్గరికి వెళ్ళాలనిపిస్తుంది కానీ ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ దగ్గర మొదలుపెట్టడమే మేలు, ఎందుకంటే మీ బాధ ఎప్పటి నుంచి ఉందో తేదీలతో సహా చూపించేది ఆ రికార్డే. వెళ్ళగానే "సైజు తగ్గించుకోవాలనుకుంటున్నా" అనొద్దు. "రెండేళ్ళుగా మెడ, వీపు నొప్పి ఉంది, రొమ్ముల బరువు వల్లనే అనిపిస్తోంది, దీని వల్ల ఫలానా పనులు చేసుకోలేకపోతున్నా, రొమ్ముల కింద దద్దుర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి" అని, మీకు ఎంతకాలంగా ఉంటే అంతా చెప్పండి. చెప్పాక "ఇదంతా నా రికార్డులో రాస్తారా" అని మర్యాదగానే అడగండి. చాలా మంది ఇక్కడే మొహమాటపడి ఊరుకుంటారు, అడగడంలో తప్పే లేదు.

వెన్నెముకకి ఎక్స్‌రే తీయించమంటే మిమ్మల్ని నమ్మట్లేదని అనుకోకండి, మెడ ఎముకల్లో వేరే సమస్య లేదని ముందే తేలిపోతే తర్వాత మీ ఫైలుకే బలం. మామోగ్రామ్ (రొమ్ములకి తీసే ఎక్స్‌రే) కూడా 40 దాటిన వాళ్ళకి, కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్న వాళ్ళకి ఆపరేషన్‌కి ముందు సాధారణంగా అడుగుతారు. ఒక విషయంలో మాత్రం అస్సలు ఆలస్యం చేయొద్దు: గడ్డ తగిలినా, ఒక్క రొమ్మే ఉన్నట్టుండి పెరుగుతున్నా, చనుమొన నుంచి రక్తం లాంటిది వస్తున్నా రిడక్షన్ సంగతి పక్కనపెట్టి ముందు అది చూపించుకోండి.

ఇక బరువు సంగతి. "ముందు నువ్వు సన్నబడు, అవే తగ్గుతాయి" అనే మాట దాదాపు ప్రతి ఒక్కరూ వినే ఉంటారు, వింటే ఎంత కష్టంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇందులో కొంత నిజముంది, కొంత లేదు. రొమ్ములో కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్ళకి బరువు తగ్గితే కొంత తగ్గొచ్చు, పాలగ్రంథుల కణజాలం ఎక్కువ ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా తగ్గినా అక్కడ పెద్దగా తగ్గదు. 2002లో అమెరికాలో ప్రచురించిన ఒక స్టడీలో బరువు తగ్గడం, ఫిజియోథెరపీ, ప్రత్యేకమైన బ్రాలు ఇవేవీ ఈ బాధకి శాశ్వతంగా పనిచేయలేదని, ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళకే బాగా తగ్గిందని తేలింది. అక్కడి ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 2022 గైడ్‌లైన్ అయితే ఎన్ని గ్రాములు తీస్తారన్నది కాదు, లక్షణాలు ఉన్నాయా లేదా అన్నదే చూడమంటుంది. అయితే ఇంకో పక్క బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) మరీ ఎక్కువుంటే కుట్లు మానడం కష్టమవుతుంది, ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది, అది కూడా నిజమే. కాబట్టి డాక్టర్ బరువు మాట ఎత్తితే "ఆపరేషన్ సేఫ్‌గా జరగాలంటే నేను ఎంత బరువుకి రావాలి" అని అడగండి, అప్పుడు మీకు ఒక లెక్కంటూ చేతికొస్తుంది. బరువు తగ్గించుకునే పనిలో ఉంటే అది కొన్ని నెలలు నిలకడగా నిలిచాకే ఆపరేషన్ పెట్టుకోవడం మంచిది.

3. ఆపరేషన్ లేని మార్గాలు వాడి చూడండి, వాడినట్టు కాగితం ఉంచుకోండి

ఇది విసుగు పుట్టించే భాగం, కానీ దీన్ని దాటేసి వెళ్ళిన వాళ్ళే ఎక్కువగా వెనక్కి వస్తారు. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు కొన్ని వారాల నుంచి ఆరు నెలల దాకా వేరే చికిత్స తీసుకున్నట్టు చూపించమంటాయి. ఫిజియోథెరపీకి వెళ్తే ప్రతి సిట్టింగ్‌కి రికార్డు ఉండేలా చూసుకోండి, ఇంట్లో వీడియో చూసి చేసుకున్న వ్యాయామం లెక్కలోకి రాదు. దద్దుర్లకి స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి, అవి ఎక్కువగా ఫంగస్ వల్ల వస్తాయి, క్రీమ్ రాస్తారు, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు పాత క్రీమే రాసుకుని ఊరుకోకుండా ఇంకోసారి వెళ్ళండి, "మందు వాడినా తిరగబెడుతోంది" అని రాసి ఉన్న ఆ ఒక్క లైనే చాలా పనిచేస్తుంది.

బ్రా కూడా ఒకసారి సరిగ్గా కొలతలు తీయించి కొనండి. బరువు మోయాల్సింది పట్టీలు కాదు, ఛాతీ చుట్టూ ఉండే బ్యాండ్, అది వదులైతే భారమంతా భుజాల మీదే పడుతుంది. వెడల్పు పట్టీలున్నది తీసుకోండి, బిల్లు పారేయకుండా ఫైల్లో పెట్టండి. కొందరికి వీటితోనే నొప్పి చాలావరకు తగ్గిపోతుంది, అదీ మంచిదే, ఆపరేషన్ తప్పుతుంది.

4. సర్జన్‌ని ఎంచుకోవడం, అడగాల్సినవి అడగడం

ప్లాస్టిక్ సర్జరీలో గుర్తింపు పొందిన శిక్షణ ఉన్నవాళ్ళనే ఎంచుకోండి, వీలైతే ఇద్దరిని కలవండి. కన్సల్టేషన్‌లో కొలతలు తీసుకుంటారు, మెడ కింద నుంచి చనుమొన దాకా ఎంత దూరముందో చూస్తారు, మొహం లేకుండా ఫోటోలు తీస్తారు. తోడుకి ఒక ఆడమనిషిని ఉండమని అడగొచ్చు, అది మీ హక్కు.

ఏం అడగాలంటే, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, నా లాంటి శరీరం ఉన్నవాళ్ళ ముందూ తర్వాతా ఫోటోలు చూపిస్తారా, ఒక్కో వైపు సుమారు ఎన్ని గ్రాములు తీయాల్సి వస్తుంది, కోత ఎక్కడెక్కడ వస్తుంది, ఏదైనా తేడా వస్తే రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలి. కోత సంగతి కొంచెం తెలుసుకుని వెళ్తే మంచిది. కొంచెమే తగ్గించాలంటే చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందకి కోస్తారు, ఎక్కువ తీయాల్సి వస్తే రొమ్ము కింది మడతలో అడ్డంగా కూడా కోస్తారు, అంటే మచ్చ లంగరు ఆకారంలో ఉంటుంది. రెండిట్లోనూ చనుమొనని పూర్తిగా వేరు చేయకుండా రక్తనాళాలు, నరాలు ఉన్న కణజాలానికి అంటిపెట్టే ఉంచి పైకి జరుపుతారు. రొమ్ములు మరీ పెద్దవైతే కొన్నిసార్లు చనుమొనని పూర్తిగా తీసి మళ్ళీ అతికించాల్సి వస్తుంది, అలాంటప్పుడు అక్కడ మామూలు స్పర్శ పోతుంది, పాలివ్వడం కుదరదు.

పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఇది ముందే తేల్చుకోండి. మామూలు పద్ధతిలో చేసినా తర్వాత పాలు సరిపోకపోవచ్చు, కొందరు పూర్తిగా ఇవ్వగలుగుతారు, కొందరు డబ్బా పాలు కలపాల్సి వస్తుంది, ముందుగా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పైగా గర్భం వస్తే రొమ్ముల సైజు మళ్ళీ మారొచ్చు. అందుకే త్వరలోనే పిల్లలు కావాలనుకునే వాళ్ళని ఆగమంటారు, పాలిస్తున్న వాళ్ళు మానేశాక కనీసం ఆరు నెలలైనా ఆగాలి. అయినా నొప్పి భరించలేనంతగా ఉంటే ఆగాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి, ఎవరో నిర్ణయించేది కాదు. వయసు తక్కువ అమ్మాయిలకైతే రొమ్ముల పెరుగుదల ఆగిందో లేదో చూశాకే చేస్తారు, బాధ మరీ తీవ్రంగా ఉంటే ముందే చేసే సందర్భాలూ ఉన్నాయి.

ఫలానా కప్ సైజు కావాలంటే ఏ సర్జనూ ఖచ్చితంగా మాటివ్వరు, ఎందుకంటే చనుమొనకి రక్తం అందాలి కాబట్టి కొంత కణజాలం ఉంచి తీరాలి. మీకు చిన్నగా కావాలా, శరీరానికి తగ్గట్టు కావాలా అన్నది మాత్రం నోరు తెరిచి చెప్పండి, లేకపోతే సర్జన్ తనకి తోచినట్టు అనుకుంటారు.

5. ఇన్సూరెన్స్ అనుమతి

పాలసీ కాగితాల్లో "కాస్మెటిక్ సర్జరీ కవర్ కాదు" అని కనపడగానే ఆశ వదిలేసుకోకండి. ఆరోగ్య కారణంతో చేసే రిడక్షన్‌కి విడిగా షరతులు ఉన్నాయేమో రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో చెప్పిన మాటకి విలువ ఉండదు. షరతులు దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి మారతాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యంలో అయితే బీఎంఐ 27 లోపు ఉండి ఏడాది పాటు నిలకడగా ఉండాలి, ఒక్కో వైపు కనీసం 500 గ్రాములు లేదా నాలుగు కప్ సైజులు తగ్గించేలా ఉండాలి అని గైడ్‌లైన్‌లో పెట్టారు. అమెరికా కంపెనీల్లో చాలా వరకు ష్నుర్ స్కేల్ అనే పట్టిక వాడతాయి, పాల్ ష్నుర్ అనే సర్జన్ 1991లో ప్రచురించింది. మీ శరీర ఉపరితలం, అంటే ఒంటి మీది చర్మం మొత్తం ఎన్ని చదరపు మీటర్లో చూసి, ఒక్కో రొమ్ము నుంచి ఇన్ని గ్రాములకి పైగా తీస్తేనే ఆరోగ్యం కోసం అని లెక్కేస్తారు. ఉపరితలం లెక్క మీరే వేసుకోవచ్చు: ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో తీసుకుని గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయండి. 162 సెంటీమీటర్లు, 72 కిలోలు ఉన్నవాళ్ళకి సరిగ్గా 1.8 చదరపు మీటర్లు వస్తుంది, దానికి ఆ పట్టికలో ఉన్నది 441 గ్రాములు. మీ సర్జన్ వేసిన అంచనా ఈ అంకెకి దగ్గరగా ఉంటే ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే తీరా తీసింది తక్కువైతే క్లెయిమ్ తిప్పి కొట్టే కంపెనీలూ ఉన్నాయి.

సర్జన్ రాసే లెటర్‌లో మీ లక్షణాలు, ఎంతకాలంగా ఉన్నాయి, ఏమేం వాడి చూశారు, ఎన్ని గ్రాములు తీయబోతున్నారు ఇవన్నీ ఉండాలి. పంపేముందు ఒక కాపీ అడిగి తీసుకుని చదవండి, మీ డైరీలో ఉన్న ముఖ్యమైనదేదైనా తప్పిపోతే చేర్చమని అడగండి. రిజెక్ట్ అయితే కారణం రాసిమ్మనండి, అప్పీల్ చేయడానికి గడువు ఎప్పటిదాకా ఉందో ఆ రోజే చూసుకోండి. తిరస్కరించిన కారణం ఒక్కదానికే సూటిగా జవాబిస్తూ కాగితాలు జతచేసి పంపితే చాలు, మొత్తం కథ మళ్ళీ మొదటి నుంచి రాయక్కర్లేదు.

6. ఆపరేషన్‌కి ముందు

పొగ తాగే అలవాటుంటే కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందే మానేయాలి, తర్వాత కూడా అన్ని వారాలు ముట్టకూడదు. ఇది ఊరికే చెప్పే నీతి మాట కాదు, నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, రక్తం అందక చనుమొన చచ్చిపోయే ప్రమాదం ఉంది. నికోటిన్ గమ్, ప్యాచ్, వేప్ (ఇ-సిగరెట్), నోట్లో పెట్టుకునే పొగాకు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేప నూనె, విటమిన్ ఇ, మూలికల మందులు, గర్భనిరోధక మాత్రలు, ఏవి వాడుతున్నా అన్నీ సర్జన్‌కి చెప్పండి, కొన్ని ఆపమంటారు. రక్తం పలచబరిచే మందులు డాక్టర్ రాసిచ్చినవైతే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంట్లో రోజూ వాడేవన్నీ నడుం ఎత్తుకి దించి పెట్టుకోండి, తర్వాత కొన్నాళ్ళు చెయ్యి పైకెత్తలేరు. ముందు వైపు తెరుచుకునే బట్టలు, ముందు హుక్కులున్న తీగ లేని బ్రాలు రెండు మూడు, వీపు వెనక పెట్టుకోడానికి దిండ్లు చాలు. చిన్నపిల్లలుంటే వాళ్ళని ఎత్తుకునే మనిషి కనీసం రెండు వారాలు ఇంట్లో ఉండాలి.

7. ఆ రోజు, ఆ తర్వాత వారాలు

మిమ్మల్ని నిలబెట్టో కూర్చోబెట్టో పెన్నుతో గుర్తులు పెడతారు. పూర్తి మత్తులో సుమారు రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. చాలా మంది అదే రోజో మర్నాడో ఇంటికొచ్చేస్తారు. భుజాల మీది బరువు దిగినట్టు మొదటి రోజుల్లోనే తెలుస్తుందని చాలా మంది చెప్తారు, కుట్ల నొప్పి ఉన్నా సరే.

వీపు మీదే, తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోండి. రాత్రీ పగలూ సర్జికల్ బ్రా వేసుకునే ఉండాలి, దాదాపు ఆరు వారాలు. మొదటి రోజు నుంచే ఇంట్లో నెమ్మదిగా నడవండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు వారాల్లో చాలా మంది వెళ్ళగలుగుతారు, బరువులెత్తే పని, పరుగు, జిమ్ ఆరు వారాల తర్వాతే. బండి గానీ కారు గానీ నడపాలంటే మత్తు కలిగించే నొప్పి మాత్రలు మానేసి ఉండాలి, గట్టిగా బ్రేక్ వేసినా నొప్పి లేకుండా ఉండాలి.

నిలువు కోత, అడ్డం కోత కలిసే చోట చిన్నగా కుట్టు విడిపోవడం, చెమ్మ రావడం మామూలుగా అన్నిటికన్నా ఎక్కువగా కనపడే సమస్య, డ్రెస్సింగ్‌తోనే నెమ్మదిగా మానిపోతుంది, దానికి భయపడి రాత్రంతా ఏడవకండి, పొద్దున్నే చూపించండి. కానీ ఒక్క రొమ్మే గబగబా వాచి గట్టిపడి నొప్పి ఎక్కువైతే, చనుమొన నల్లగా నీలంగా మారుతుంటే, 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటి జ్వరమొస్తే, చీము వస్తే అప్పటికప్పుడు సర్జన్‌కి ఫోన్ చేయాలి. పిక్క వాచి నొప్పి పుడితే లేదా ఊపిరాడకపోతే ఫోన్లతో టైం గడపకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.

మొదటి నెలలో ఆకారం చూసి కంగారు పడొద్దు, పైన ఉబ్బి కింద బల్లపరుపుగా చతురస్రంలా కనపడుతుంది, కుదురుకోడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అన్నాళ్ళు ఖరీదైన బ్రాలు కొనకండి. స్పర్శ కొందరికి నెలల తర్వాత తిరిగొస్తుంది, కొందరికి కొంత భాగం ఎప్పటికీ రాదు, ఇది ముందే మనసుకి చెప్పుకుని ఉండాలి. కొన్ని రోజులు ఏ కారణం లేకుండా ఏడుపు వస్తే కూడా అది మత్తు, మందులు, అలసట అన్నీ కలిసి చేసే పని, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. కుట్లు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ షీట్ లేదా జెల్ వాడితే మచ్చ పలచబడుతుంది, ఏడాది ఏడాదిన్నర దాకా మచ్చ రంగు మారుతూనే ఉంటుంది. ఒంటికి దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే గుణం ముందు నుంచీ ఉంటే ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి చెప్పండి.

తీసిన కణజాలాన్ని ల్యాబ్‌కి పంపుతారు, ఆ రిపోర్ట్ అడిగి తీసుకోండి, అందులో క్యాన్సర్ గుర్తులు ఏమైనా ఉన్నాయా అన్నదీ తెలుస్తుంది, ఒక్కో వైపు ఎన్ని గ్రాములు తీశారన్నదీ ఉంటుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగేది కూడా అదే. తర్వాత ఎప్పుడైనా చిన్న గట్టి ఉండ తగలొచ్చు, కొవ్వు గడ్డకట్టి అలా అవుతుంది, అదే అయ్యుంటుందని మీరే తేల్చేసుకోకుండా స్కాన్ చేయించండి. ఆ తర్వాత మామోగ్రామ్‌కి వెళ్ళిన ప్రతిసారీ రిడక్షన్ అయిందని, ఏ ఏడాది అయిందో కూడా ముందే చెప్పండి, లోపలి మచ్చలు కూడా ఆ ఫిల్మ్‌లో కనపడతాయి.